మామిడి బోదెకు రంధ్రాలు, పాదులో పొట్టు కుప్పలు: ఇది ఏ పురుగు?

రసాలతోట_నూజివీడు

నాలుగెకరాల మామిడి, 22 ఏళ్ల చెట్లు. మూడొంతులు బంగినపల్లి, మిగతాది చిన్నరసం. ఎర్రనేల, బోరు నీళ్లు. కోత అయ్యి రెండు నెలలు దాటింది. ఎండుకొమ్మలు కొట్టిస్తుంటే తొమ్మిది చెట్లలో తేడా కనపడింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఆరు చెట్లకు నేల నుంచి మూడడుగుల లోపు బోదెకు రంధ్రాలు ఉన్నాయి. చిటికెన వేలు పడుతుంది. చెట్టుకు రెండు నుంచి ఐదు దాకా ఉన్నాయి. రంధ్రం కింద బంక కారి నల్లగా చార కట్టింది. పాదులో రంపపు పొట్టు లాంటిది కుప్పగా పడి ఉంది. పిండిలా లేదు, పీచుపీచుగా ఉంది. ఈ ఆరింటిలో ఒక చెట్టుకు తూర్పు వైపు పెద్దకొమ్మ ఆకు మొత్తం పండుబారింది.

ఇంకో రెండు చెట్లకు కొమ్మల పంగల దగ్గర బెరడు మీద గోధుమరంగు జల్లెడలా ఒక పట్టీ అంటుకుని ఉంది. చేత్తో లాగితే దారాలతో సహా ఊడి వస్తోంది. కింద బెరడు గీరినట్టుగా ఉంది.

చివరి చెట్టుకు గుండుసూదితో పొడిచినట్టు సన్న రంధ్రాలు. లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. ఒక వైపు కొమ్మల ఆకులు ఎండిపోయాయి కానీ రాలడం లేదు, అలాగే వేలాడుతున్నాయి.

మోటారు షెడ్డు లైటు కింద ఒక పెద్ద పెంకుపురుగు చచ్చి దొరికింది. పొడవు 5 సెం.మీ., బూడిద రంగు, తల వెనక రెండు నారింజ మచ్చలు, మీసాలు ఒంటికన్నా పొడుగు.

ఇదంతా ఆ ఒక్క పురుగు పనేనా? రంధ్రంలో డీడీవీపీ అనే పురుగుమందు పోసి మట్టి పెట్టమని ఒకరు, గ్యాసు బిళ్ల పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది చేయాలి?

---

కీటకదర్శిని

మీరు వేరువేరుగా చూసి రాశారు కాబట్టి సమాధానం తేలికైంది. మీ తోటలో ఉన్నది ఒక పురుగు కాదండీ, మూడు. మూడింటికీ వైద్యం వేరు. మొదటిదానికి చేసే పని మూడోదానికి చేస్తే తెగులు పక్క చెట్లకు పాకవచ్చు.

లైటు కింద దొరికిన పురుగు మామిడి కాండం తొలుచు పురుగు తల్లి, అంటే ఎదిగి రెక్కలొచ్చిన దశ. శాస్త్రీయ నామం బాటోసెరా రూఫోమాక్యులేటా. పొడవు మీసాల పెంకుపురుగుల కుటుంబం. పోల్చుకోవడానికి ఇవి చూడండి: తల వెనక మెడ పలక మీద మూత్రపిండం ఆకారంలో రెండు నారింజ లేక పసుపు మచ్చలు. ఆ పలకకు రెండు పక్కలా ఒక్కో ముల్లు. రెక్క పెంకులు మొదలయ్యే చోట ఆవగింజల్లాంటి నల్లటి బొడిపెలు, వాటి కింద వరుస తప్పిన పసుపు మచ్చలు. రెక్కలు కలిసే చోట చిన్న తెల్లటి ముక్క. పొడవు మూడున్నర నుంచి ఐదున్నర సెం.మీ. మీసాలు ఒంటిని బాగా దాటిపోతే మగది, కొంచెమే దాటితే ఆడది. చచ్చి చాలా రోజులైన పురుగులో నారింజ రంగు వెలిసి తెలుపుకు తిరుగుతుంది. అలాంటప్పుడు రంగు నమ్మకుండా మెడ ముళ్లు, నల్ల బొడిపెలు చూడండి. బాటోసెరాలో రూబస్ అనే మరో జాతి కూడా మామిడిని తొలుస్తుంది, దాని రెక్కల మీద మచ్చలు తెల్లగా ఉంటాయి. రైతు చేయాల్సిన పనిలో మాత్రం ఈ రెండింటికీ తేడా లేదు.

అయితే తల్లి పురుగు లైటు కింద దొరికినంత మాత్రాన అన్ని రంధ్రాలూ దానివే అనుకోకూడదు. అది ఎగిరే పురుగు, పక్క తోట నుంచి కూడా రావచ్చు. పక్కా ఆధారం చెట్టు దగ్గర పడ్డ పొట్టు. దాన్ని అరచేతిలో వేసుకుని వేలితో నలిపి చూడండి.

పీచుపీచుగా, చెక్క చీలికలు కలిసి ముతకగా ఉంటే కాండం తొలుచు పురుగు. లోపల పిల్లపురుగు దవడలతో చెక్కను చీల్చి, పనికిరానిదాన్ని రంధ్రంలోంచి బయటికి నెడుతుంది. మీ మొదటి ఆరు చెట్లు ఇవే.

చీమ తలల్లాంటి చిన్న ఉండలు, బెరడు పొడి కలిసి దారాలతో అల్లుకుని ఉంటే బెరడు తినే పురుగు, ఇండార్బెలా. ఇది పెంకుపురుగు కాదు, రెక్కల పురుగు తాలూకు గొంగళి. పగలు పంగలో చేసుకున్న చిన్న బొరియలో దాక్కుని, రాత్రి ఆ జల్లెడ కింద తిరుగుతూ బెరడు మేస్తుంది. మీ రెండో రకం ఇదే. జామ, బత్తాయి, రేగు, మునగ చెట్ల మీద కూడా చూసే ఉంటారు.

టాల్కం పౌడరులా మెత్తగా రాలుతున్నా, అగ్గిపుల్ల కన్నా సన్నటి పొట్టు పుల్లలు రంధ్రం నుంచి పొడుచుకు వచ్చినా అది గుండుసూది రంధ్రాల పెంకుపురుగు. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మీ మూడో రకం, అంటే ఆ చివరి చెట్టు, ఇదే కావచ్చు. దాని సంగతి విడిగా రాస్తాను, దాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి.

గుండ్రంగా, పొడుగ్గా, ఒకే సైజులో ఎర్రటి గుళికలు రాలుతుంటే జ్యూజెరా జాతి గొంగళి. జామ, దానిమ్మ కొమ్మల్లో ఎక్కువగా కనపడుతుంది. మీ వర్ణనలో అది లేదు.

ఇక బోదె మీద మట్టి పొర పేరుకుని ఉంటే అది చెదలు. చెదలు చాలాసార్లు కాండం పురుగు వదిలేసిన సొరంగంలోకి తర్వాత వచ్చి చేరతాయి. మట్టి పొర కనపడగానే చెదల మందు కొట్టి ఊరుకుంటే లోపల అసలు పురుగు తన పని తాను చేసుకుంటూ పోతుంది. మట్టి గీకి కింద రంధ్రం ఉందేమో చూడాలి.

పిల్లపురుగు దొరికితే ఇలా పోల్చండి. కాండం తొలుచు పురుగు పిల్లకు కాళ్లు ఉండవు. మీగడ రంగు ఒళ్లు, ముదురు గోధుమరంగు తల, తల వెనక భాగం వెడల్పుగా, ముడతలు ముడతలుగా ఉంటుంది. ఎదిగింది 8 నుంచి 10 సెం.మీ. దాకా ఉంటుంది, మన బొటనవేలు లావు. పశువుల ఎరువులో కనపడే, సగం చందమామలా వంగి ఆరు కాళ్లతో ఉండే తెల్లపురుగు వేరు, అది కొమ్ము పురుగు జాతిది. పాదులో ఎరువు తవ్వినప్పుడు దాన్ని చూసి ఇదే చెట్టును తొలిచిందని చాలామంది పొరబడతారు. అలాగే ముందు భాగం బల్లపరుపుగా, సుత్తి తలలా వెడల్పై, వెనక ఒళ్లు సన్నగా రిబ్బనులా ఉంటే మెరిసే పెంకుపురుగు జాతి పిల్ల. వాటి తల్లి బయటికొచ్చే రంధ్రం గుండ్రంగా ఉండదు, ఒక పక్క నొక్కినట్టు ఉంటుంది.

ఇక మీరు రాసిన కొమ్మ పండుబారిన చెట్టు. ఒకే వైపు కొమ్మ పండుబారిందంటే ఆ వైపు బోదెలో నీళ్లు పైకి తీసుకెళ్లే తెల్ల చెక్కను పురుగు అడ్డంగా తినేసిందని అర్థం. చేవలోకి, అంటే నడిమి గట్టి చెక్కలోకి, వెళ్లిన సొరంగం చెట్టును అంత త్వరగా చంపదు. బెరడుకు, తెల్ల చెక్కకు మధ్య చుట్టూ తిరిగిన సొరంగమే చంపేది. అందుకే ముందుగా ఈ చెట్టును పట్టుకోండి.

---

జగిత్యాల_తోటలు

పైన చెప్పిన గుర్తింపు సరిగ్గా ఉంది. నేను చేసే పని గురించి రాస్తాను. చాలా చోట్ల మందు మంచిదే వాడతారు, కానీ పురుగు లేని రంధ్రంలో పోస్తారు. తోటల్లో ఈ పని విఫలమయ్యేది ఎక్కువగా ఇందుకే.

ఒక పిల్లపురుగు ఒకటికి మించి రంధ్రాలు చేస్తుంది, పొట్టు బయటికి నెట్టడానికి. చెట్టుకు ఐదు రంధ్రాలుంటే ఐదు పురుగులని లెక్క కాదు, రెండే ఉండవచ్చు. పాత రంధ్రాలు ఖాళీ. కాబట్టి మొదటి రోజు మందు ముట్టొద్దు. పాదులోని పాత పొట్టు అంతా ఊడ్చి తోట బయట పారేయండి. రంధ్రాల చుట్టూ అంటుకున్న పొట్టు, ఎండిన బంక గీకేయండి. బోదె చుట్టూ నేల మీద పాత యూరియా సంచి పరచండి. ప్రతి రంధ్రం పక్కన సుద్దముక్కతో అంకె వేయండి. మర్నాడు, ఎల్లుండి ఉదయాన్నే చూస్తే ఏ అంకె కింద తాజా పొట్టు పడిందో కనపడుతుంది. తాజా పొట్టు తడిగా, లేత రంగులో, పచ్చి చెక్క వాసనతో ఉంటుంది. పాతది నల్లబడి బూజు పట్టి ఉంటుంది. మనుషుల అలికిడి లేనప్పుడు బోదెకు చెవి ఆనిస్తే లోపల పెద్ద పురుగు కొరికే చప్పుడు కూడా వినపడుతుంది.

తాజా రంధ్రం దొరికాక సన్నటి ఉలితో దాన్ని కొంచెం వెడల్పు చేయండి. బెరడును నిలువుగానే కోయాలి. అడ్డంగా చెక్కుతూ పోతే పురుగు మొదలుపెట్టిన పని మనమే పూర్తి చేసినట్టవుతుంది. మెత్తబడి నల్లగా మారిన బెరడు తీసేయండి, పచ్చి బెరడు తగలగానే ఆపేయండి.

తర్వాత తీగ. మోటారుసైకిల్ పాత క్లచ్ వైరు దీనికి బాగా పనికొస్తుంది, వంపు తిరిగిన సొరంగంలోకి కూడా వంగి పోతుంది. సైకిల్ పుల్ల బిరుసుగా ఉండి మొదటి మలుపులోనే ఆగిపోతుంది, తిన్నగా ఉన్న సొరంగానికే అది సరిపోతుంది. తీగ కొనను చిన్న కొక్కెంలా వంచి, తిప్పుతూ లోపలికి తోయండి. మెత్తగా తగిలితే అక్కడే రెండు మూడు సార్లు తిప్పి లాగండి. పురుగు కొక్కేనికి చిక్కి వస్తే మంచిదే. రాకపోయినా తీగ కొనకు పాలలాంటి తెల్లటి ద్రవం అంటుకుందంటే పురుగు చితికింది. పొడి పొట్టు మాత్రమే వస్తుంటే ఇంకా పురుగు దాకా చేరలేదు. తీగ ఎంత లోతు పోయిందో, పైకా కిందికా పోయిందో రాసి పెట్టుకోండి, రెండోసారి పనికొస్తుంది.

తీగతో పని పూర్తయితే మందు అవసరం లేదు. చేరలేని సొరంగానికే మందు.

డీడీవీపీ గురించి. పాత కరపత్రాలన్నిటిలోనూ డీడీవీపీ దూది అనే ఉంటుంది. ఆ మందును, అంటే డైక్లోర్వాస్‌ను, కేంద్రం 2018 ఉత్తర్వుతో నిషేధించింది. 2020 డిసెంబరు 31తో అమ్మకం, వాడకం కూడా ఆగిపోయాయి. రంధ్రంలో ఫోరేట్ గుళికలు వేసే అలవాటు కూడా కొన్ని చోట్ల ఉండేది, అది కూడా ఇదే తేదీతో పోయింది. బోదెకు కార్బరిల్ పూత పూయమని రాసి ఉన్న పుస్తకాలు ఇంకా తిరుగుతున్నాయి, కార్బరిల్ నిషేధం 2018 నుంచే ఉంది. ఎవరైనా పాత స్టాకు అంటగడుతుంటే తీసుకోకండి.

గ్యాసు బిళ్ల అసలే వద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల చెక్కలోని తడికి ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మామూలు రైతుకు అమ్మడానికి, వాడటానికి అనుమతి లేదు, గిడ్డంగులకు పొగ పెట్టే శిక్షణ పొందినవాళ్లకే. అరచేతిలో చెమట తగిలినా చాలు, వాయువు మొదలవుతుంది.

అయితే ఏం వాడాలి? కిరోసిన్ లేక పెట్రోలు, రంధ్రానికి 5 మి.లీ. మించకుండా, దూదిని తడిపి తీగతో లోపలికి నెట్టి వెంటనే బంకమట్టితో మూయాలి. ఎక్కువ పోస్తే పచ్చి బెరడుకు, దాని కింది పొరకు పాకి అక్కడ చెట్టు చచ్చిపోతుంది, రంధ్రం చుట్టూ అరచేయంత మేర బెరడు నల్లబడి ఊడిపోవడం అందుకే. డీజిలు ఇంకా చెడ్డది, త్వరగా ఆవిరి కాదు. పెట్రోలుతో పనిచేసేటప్పుడు దగ్గర్లో బీడీ, నిప్పు ఉండకూడదు.

క్లోరోపైరిఫాస్ 20 ఇసి (నీటిలో కలిపే ద్రవ పురుగుమందు) వాడాలనుకుంటే లీటరు నీటికి 5 మి.లీ. కలిపి సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో, పై రంధ్రం నుంచి నెమ్మదిగా ఎక్కించాలి. కింది రంధ్రం నుంచి ద్రవం కారితే సొరంగం రెండింటికీ కలిసిందని తెలుస్తుంది. అప్పుడు కిందిది మట్టితో మూసి మళ్లీ పైనుంచి నింపండి. సీసా మీది లేబుల్ చదివి, మీ ఉద్యాన అధికారిని అడిగాకే వాడండి, ఈ మందు మీద పంటల వారీగా ఆంక్షలు మారుతున్నాయి. చేతికి తొడుగులు తప్పనిసరి. ముందు తీగతో పొట్టు లాగకుండా మందు ఎక్కిస్తే ఆ పొట్టే దాన్ని దూదిలా పీల్చేస్తుంది, పురుగుకు చుక్క కూడా చేరదు.

మూతకు బంకమట్టి చాలు. సిమెంటు పెట్టొద్దు. చెట్టు లావెక్కుతూ ఉంటే సిమెంటు పక్కన పగులుతుంది, వాన నీళ్లు వెనక చేరి చెక్క కుళ్లుతుంది. మట్టి ఎండి బీటలు వారితే మళ్లీ మెత్తండి. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు ఈ పురుగుకోసమే గాయం మాన్పుతూ రంధ్రాన్ని మూసే పూత ఒకటి తయారుచేశారు. దొరికితే మట్టికి బదులు అది మేలు.

ఏడో రోజు, పదిహేనో రోజు మళ్లీ సంచి చూడండి. తాజా పొట్టు పడకపోతే ఆ రంధ్రం పని అయినట్టే. పడితే, ఎక్కడ పడిందో చూడండి. మూసిన రంధ్రం నుంచి పడదు, పైనో పక్కనో పురుగు కొత్త కిటికీ తెరుస్తుంది.

---

ఉద్దానం_జీడి

మామిడితో పాటు గట్టు మీద జీడిమామిడి చెట్లు ఉన్నవాళ్లకు ఒక మాట. జీడిని తొలిచేది ఇది కాదు, నియోప్లోసిడెరస్ ఫెర్రుజినియస్ అనే ఎర్రగోధుమ రంగు పెంకుపురుగు. జీడిలో బోదె పైన వెతికితే దొరకదు, నేల మట్టానికి దగ్గర్లో, మొదలు నుంచి పైవేర్ల దాకా వెతకాలి. పాదు మట్టి అరడుగు తీసి చూడాలి. బంక, పొట్టు అక్కడే ఉంటాయి. లోపల కోడిగుడ్డు పెంకులా గట్టిగా, తెల్లగా సున్నపు గూడు దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు, ఈ జాతి పిల్ల సున్నపు గూడు కట్టుకునే ప్యూపా (నిద్రావస్థ) అవుతుంది. మామిడి పురుగుకు అలాంటి గూడు ఉండదు.

జీడిలో బోదె చుట్టుకొలతలో సగానికి మించి బెరడు పోయి, పైన ఆకు మొత్తం పండుబారిందంటే ఆ చెట్టు మీద మందు ఖర్చు దండగ. వేర్లతో సహా తీసేయడమే. దాన్ని అలాగే ఉంచితే అందులో పెరిగిన పురుగులు చుట్టూ ఉన్న చెట్లకు పోతాయి.

---

రసాలతోట_నూజివీడు

అందరికీ ధన్యవాదాలు. సంచులు పరిచి మూడు రోజులు చూశాను. ఆరు చెట్లలో మొత్తం 21 రంధ్రాలకు అంకెలు వేస్తే తాజా పొట్టు పడింది ఎనిమిదింటి కిందే. మిగతా 13 ఖాళీ. క్లచ్ వైరుతో ఐదింటిలో పురుగు దొరికింది. అన్నిటికన్నా పెద్దది 7 సెం.మీ., కాళ్లు లేవు, తల గోధుమరంగు. రెండింటిలో వైరుకు తెల్లటి ద్రవం అంటింది. ఒకదాంట్లో వైరు జానెడు పోయి ఆగిపోయింది, అక్కడి నుంచి సొరంగం మలుపు తిరిగి చేవలోకి పోయినట్టుంది.

మూడు ప్రశ్నలు. ఆ ఒక్కదానికి ఏం చేయాలి? జల్లెడ పట్టీ ఉన్న రెండు చెట్లకు ఏం చేయాలి? గుండుసూది రంధ్రాల చెట్టును ముట్టుకోవద్దని ఎందుకన్నారు?

---

కీటకదర్శిని

21కి 8. ఇప్పుడు ఆ 13 ఖాళీ రంధ్రాల్లో పోసే మందు మిగిలింది.

మలుపు తిరిగినదానికి సిరంజి పద్ధతే. ఆ రంధ్రానికి పైన అడుగు, రెండడుగుల దాకా బెరడు మీద సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట సొరంగం పైకి దగ్గరగా ఉంది. అక్కడ సన్న బర్మాతో చిన్న రంధ్రం వేసి పైనుంచి ఎక్కించండి. సరిగ్గా కలవకపోతే బోదెను తవ్వుతూ పోవద్దు. చేవలోకి పోయిన పురుగు కోసం బోదె చీల్చడం కన్నా, అన్ని కిటికీలూ మూసి రెండు వారాలకు ఒకసారి చూడటం మేలు. తాజా పొట్టు మళ్లీ పడ్డప్పుడు అది పైపొరకు వచ్చిందన్నమాట, అప్పుడు పట్టుకోవచ్చు.

పురుగు తీసిన చోట బెరడు చెక్కిన మేరకు బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీటిలో, కిలో పొడి సున్నం వేరే 5 లీటర్ల నీటిలో కరిగించి, రెండూ మూడో పాత్రలోకి ఒకేసారి పోస్తూ కలపాలి. ప్లాస్టిక్ లేక మట్టి పాత్ర, ఇనుప బకెట్టు పనికిరాదు. ఇనుప కత్తి కొన ముంచి తీస్తే ఎర్రటి పొర పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపండి. ఆ రోజు కలిపింది ఆ రోజే పూయాలి. ఆరు చెట్లకు 10 లీటర్లు ఎక్కువే, పావు కొలత చేసుకున్నా సరిపోతుంది.

జల్లెడ పట్టీ చెట్లు తేలిక. ఆ పట్టీ మొత్తం చీపురుతో ఊడ్చేయండి. పట్టీ ఒక చివర పంగ మూలలో బొరియ కనపడుతుంది, సాధారణంగా జానెడుకు మించి లోతుండదు. తీగ గుచ్చితే చాలాసార్లు పురుగు అక్కడే చస్తుంది, లేకపోతే రెండు మూడు చుక్కల కిరోసిన్ దూది. మూడు రోజుల తర్వాత కొత్త దారాలు అల్లితే బొరియ ఇంకోటి ఉందని తెలుసుకోండి. పైపైన పట్టీ మీద పురుగుమందు పిచికారీ చేయడం వృథా, అది గొడుగులా మందును ఆపేస్తుంది.

ఇప్పుడు మూడో రకం, గుండుసూది రంధ్రాల చెట్టు. ఇక్కడ రంధ్రం చేసిన పురుగు కన్నా దాని వెంట వచ్చే శిలీంధ్రం ప్రమాదం. మామిడిని తొలిచే హైపోక్రైఫలస్ మాంజిఫెరే అనే చిన్న పెంకుపురుగు సెరాటోసిస్టిస్ శిలీంధ్రాన్ని మోసుకుపోతుంది. ఒమన్‌లోను, పాకిస్తాన్‌లోను మామిడి తోటలను నిలువునా ఎండబెట్టింది ఈ జంటే. ఆకులు ఎండి రాలకుండా కొమ్మకే వేలాడటం ఆ తెగులు పెద్ద గుర్తు. అయితే మీ చెట్టుకు అదేనని ఇప్పుడే అనలేను. కొమ్మ ఎండు తెగులుకు, వేరుకుళ్లుకు నీరసించిన చెట్టు మీద కూడా ఇలాంటి చిన్న పెంకుపురుగులు వచ్చి వాలతాయి. రంధ్రాలు చూసి తెగులు చెప్పలేం, చెక్క లోపల చూడాలి.

వేలెడు లావు కొమ్మ, పచ్చికి ఎండుకు మధ్య ఉన్న భాగంలో ఏటవాలుగా కోయండి. తెల్లగా ఉండాల్సిన చెక్కలో ముదురు గోధుమ, నలుపు చారలు గీతలు గీసినట్టు ఉంటే శిలీంధ్రం నాళాల్లోకి దిగింది. బోదె దగ్గర గుండుసూది రంధ్రాల పైన చిన్న ముక్క బెరడు లేపి చూడండి, అక్కడ కూడా చారలుంటే బోదెలోకి వచ్చేసినట్టే. అటువంటి చెట్టుకు సిరంజి గుచ్చి, అదే తీగ, అదే ఉలి పక్క చెట్టులో పెడితే మనమే శిలీంధ్రాన్ని మోసినవాళ్లమవుతాం. అందుకే ముట్టుకోవద్దన్నాను. ఆరు చెట్ల పని పూర్తయ్యాకే, చివర్లో దీని దగ్గరికి వెళ్లండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిటుతో తుడవండి.

చారలు కొమ్మలోనే ఆగి ఉంటే, చార కనపడని చోటు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంకో 15 సెం.మీ. కిందికి కోసి, కోసిన ముఖానికి బోర్డో పేస్టు పూయండి. బోదెలో ఉంటే చారలున్న చెక్క ముక్కలు కాగితం సంచిలో పెట్టి దగ్గరలోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ పంపండి. ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే బూజు పట్టి ఏ శిలీంధ్రమో తేలదు. పచ్చి, ఎండు కలిసిన భాగం పంపాలి, పూర్తిగా ఎండిన ముక్కలో ఏమీ దొరకదు. రంధ్రం నుంచి పురుగు దొరికితే చిన్న సీసాలో స్పిరిటు పోసి అందులో వేసి పంపండి.

---

జగిత్యాల_తోటలు

వచ్చే ఏడాదికి ఇప్పుడే రాసి పెట్టుకోండి. కాండం పురుగు ఏడాదికి ఒక్క తరమే. తొలకరి వానలతో తల్లి పురుగులు చెట్టులోంచి బయటికొస్తాయి, బయటికొచ్చిన రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా, పొట్టు లేకుండా ఉంటుంది. రాత్రిళ్లు తిరుగుతూ లేత కొమ్మల బెరడు మేస్తాయి. ఆడది బెరడు పగులులోనో, తన దవడలతో చేసిన గాటులోనో గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది, మొత్తం మీద రెండు వందల దాకా. వారం నుంచి రెండు వారాల్లో పిల్ల పుట్టి బెరడు కిందికి దిగుతుంది. అక్కడ ఉన్నన్నాళ్లే దాన్ని పట్టుకోవడం సులువు. సంక్రాంతి నాటికి అది చేవలో ఉంటుంది.

అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పదిహేను రోజులకోసారి ప్రతి చెట్టు బోదె చుట్టూ తిరిగి చూడటం ఏ మందుకన్నా మేలు. ఆ వయసులో గుర్తు చాలా చిన్నది. బెరడు మీద తడి మచ్చ, గోరంత పొట్టు, ఒక చుక్క బంక. కత్తి మొనతో అక్కడ కొంచెం లేపితే బియ్యపు గింజంత పురుగు బెరడు కిందే దొరుకుతుంది. అప్పుడు చెట్టుకు అయ్యే గాయం గోరంత. ఆరు నెలలు ఆగితే జానెడు.

తొలకరికి ముందే బోదె మీద వదులుగా లేచిన పాత బెరడు గీకి, మూడడుగుల ఎత్తు దాకా బోర్డో పేస్టు పూయండి. గుడ్లు పెట్టే పగుళ్లు తగ్గుతాయి. ట్రాక్టరు గొర్రు తగిలిన గాయాలు, నేలపైకి తేలిన వేర్ల మీద దెబ్బలు అన్నీ ఇందులో చేర్చండి, ఆడపురుగుకు అవే ఇష్టమైన చోట్లు. కొమ్మలు కొట్టేటప్పుడు చీలిపోయేలా లాగకూడదు, రంపంతో కింద ముందు సగం కోసి తర్వాత పైనుంచి కోయాలి.

మీకు తల్లి పురుగు దొరికింది మోటారు షెడ్డు లైటు కింద కదా. తొలకరిలో ఆ లైటు కింద వెడల్పాటి తొట్టిలో నీళ్లు పోసి కొంచెం కిరోసిన్ వేసి పెట్టండి. లైటు రాత్రి పొద్దుపోయేదాకా వెలగాలి, ఉదయం తొట్టిలో పడ్డ పురుగులు తీసేయాలి. తొట్టి లేకుండా లైటు ఒక్కటే వెలిగిస్తే పక్క తోట పురుగులను కూడా పిలిచి మీ చెట్ల మీదికి వదిలినట్టవుతుంది.

గట్టు మీద బూరుగు, మునగ, పనస, అంజూర, మల్బరీ ఏవైనా ఉంటే వాటి బోదెలు కూడా చూడండి. ఇవన్నీ ఈ పురుగుకు ఇళ్లే. మామిడి మొత్తం బాగుచేసి గట్టు మీది బూరుగును వదిలేస్తే మళ్లీ అక్కడి నుంచే వస్తుంది.

ఇంకొకటి. పండుబారిన కొమ్మ కోసేస్తే ఆ దుంగను వంటచెరకుకని తోటలో పేర్చకండి. కోసిన దుంగలో కూడా పిల్లపురుగు బతికి, పెరిగి, వానల్లో తల్లిగా బయటికొస్తుంది. చీల్చి ఆరబెట్టి ఏప్రిల్ లోపు కాల్చేయాలి.

---

రసాలతోట_నూజివీడు

మూడో చెట్టు కొమ్మ ఏటవాలుగా కోసి చూశాను. నలుపు చారలున్నాయి, కానీ పెద్దకొమ్మ మొదలు దగ్గరికి వచ్చేసరికి చెక్క తెల్లగా ఉంది. బోదె బెరడు కింద కూడా చారల్లేవు. చార ఆగిన చోటు నుంచి జానెడు కిందికి కోయించి పేస్టు పూయించాను. చారలున్న ముక్క, గుండుసూది రంధ్రాల నుంచి తీసిన రెండు చిన్న పురుగులు కృషి విజ్ఞాన కేంద్రానికి పంపుతున్నాను. వాళ్లు చెప్పింది ఇక్కడే పెడతాను.

గట్టు మీద బూరుగు చెట్టు ఒకటి ఉంది. దాని బోదెకు నాలుగు రంధ్రాలు, రెండింటి కింద తాజా పొట్టు.